అంబూలో, మరఖ్, సుఖార్: సోమాలీ వంటలు ఇంట్లో చేసుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మినియాపొలిస్‌లో ఉంటాం. అమెరికాలో సోమాలీలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం మిన్నెసోటానే, మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో కూడా ఒక సోమాలీ కుటుంబం ఉంది, ఆ ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్న వంటలు ఇవి. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెట్టినప్పుడల్లా మనవాళ్ళు అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

సోమాలీ కూరలు మన నోటికి పడతాయా? చప్పగా ఉంటాయంట కదా?

కారం తక్కువ, అది నిజం. చప్పన మాత్రం కాదు. కారం కావాల్సినవాళ్ళకి పక్కన గిన్నెలో బిస్బాస్ అని పచ్చడి పెడతారు, ఎవరికి కావాల్సినంత వాళ్ళు వేసుకుంటారు, కూరలో మాత్రం కారప్పొడి దాదాపు ఉండదు. వీళ్ళ వంటలో రుచి వచ్చేది ఎముక నిదానంగా ఉడకడం వల్ల, గింజ మెల్లగా మెత్తబడటం వల్ల, చివర్లో పోసే మంచి నూనె వల్ల. మనవాళ్ళు మొదటిసారి చేసినప్పుడు అలవాటుగా రెండు స్పూన్లు అల్లం వెల్లుల్లి పేస్ట్, కారం, ధనియాల పొడి, గరం మసాలా అన్నీ వేసేస్తారు, అప్పుడది మన మటన్ కూర అయిపోతుంది, బాగానే ఉంటుంది గానీ మరఖ్ (వాళ్ళ మాంసం రసం) కాదు. ఒక్కసారి చెయ్యి ఆపుకుని వండి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పేర్లు ఇంగ్లిష్‌లో చూస్తే నోరు తిరగట్లేదు, ఎలా పలకాలి?

సోమాలీ భాషకి ఇంగ్లిష్ అక్షరాలు అధికారికంగా పెట్టింది 1972లో. రెండు అక్షరాలు గుర్తుంచుకుంటే చాలు. వాళ్ళ ఎక్స్ అంటే గొంతులోంచి గట్టిగా వచ్చే "హ", కాబట్టి ప్యాకెట్ మీద ఎక్స్‌తో మొదలయ్యే మసాలా పేరు "హవాష్". వాళ్ళ సి అంటే "క" కాదు "స" కాదు, గొంతు నొక్కి పలికే "అ" లాంటిది, అందుకే సి తో రాసి ఉన్నా అది "అంబూలో" (బీన్స్ వంటకం), "అంజేరో" (దోశ లాంటిది). షాపులో "కంబూలో ఉందా" అని అడిగితే పాపం వాళ్ళకి అర్థం కాదు, "అంబూలో" అనండి, మొహం విప్పారుతుంది.

ఇంకో మాట. వంట కాదు గానీ చెప్పకుండా ఉండలేను. వాళ్ళు అమ్మ చెల్లెల్ని, అక్కని "హబర్‌యర్" అంటారు, విడదీస్తే అచ్చంగా మన "చిన్నమ్మ". నాన్నవైపు అత్తకి వేరే పేరు, మేనమామకి వేరే, బాబాయికి వేరే. అందరినీ ఆంటీ అంకుల్ అనేసే ఊళ్ళో ఇది వినగానే మా అమ్మ ఎంత సంతోషపడిందో. మా పిల్లలు ఇప్పుడు ఆ పెద్దావిడని హబర్‌యర్ అనే పిలుస్తారు.

హవాష్ అంటే గరం మసాలానేనా?

చుట్టమే, ఒకటి మాత్రం కాదు. గరం మసాలాలో లవంగం, చెక్క ముందుకొస్తాయి, హవాష్‌లో జీలకర్ర, ధనియాలు ముందుంటాయి, పసుపు కూడా అందులోనే కలిపేస్తారు. మిరపకాయ వెయ్యరు, సోంపు, అనాసపువ్వు కూడా అక్కర్లేదు. నేను చేసే కొలత ఇది: జీలకర్ర పావు కప్పు, ధనియాలు పావు కప్పు, మిరియాలు ఒక పెద్ద స్పూను, యాలకులు పదో పన్నెండో, చెక్క రెండంగుళాల ముక్క, లవంగాలు ఆరు. సన్న మంట మీద వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో పొడి కొట్టి, చివర్లో ఒక పెద్ద స్పూను పసుపు కలపండి. కొంతమంది మెంతులు కూడా కొంచెం వేస్తారు, ఇంటికో లెక్క, మన సాంబారు పొడి లాగే. యాలకుల్ని వాళ్ళు హేల్ అంటారు, పసుపుని హురూద్, మిరియాల్ని ఫిల్ఫిల్.

నెలకి సరిపడానే చేసుకోండి. అర కిలో కొట్టి ఆర్నెల్లు వాడితే ఆఖర్లో మిగిలేది పసుపు రంగు మాత్రమే.

అంబూలో అసలు ఎలా చెయ్యాలి?

ఈ పేజీ అంతా దీని కోసమే రాశాననుకోండి. చిన్న ఎర్ర గింజల్ని (అడ్జుకీ బీన్స్) మెత్తగా ఉడకబెట్టి నువ్వుల నూనె, పంచదార వేసుకుని తినడం, అంతే వంటకం. దక్షిణ సోమాలియాలో ఇది రాత్రి భోజనం, వాళ్ళకి మధ్యాహ్నం తిండే పెద్దది, రాత్రికి తేలిగ్గా, కడుపు నిండేట్టు ఇది చేస్తారు. పాతకాలం పద్ధతిలో అయితే బుర్జికో అనే బొగ్గుల పొయ్యి మీద గంటల తరబడి పెట్టి వదిలేస్తారు.

రెండు కప్పుల గింజలు రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్ళు వంపేసి కడగండి. మందపాటి గిన్నెలో ఎనిమిది కప్పుల నీళ్ళు పోసి, ఒక పొంగు రానిచ్చి పైన నురగ తీసేసి, మంట బాగా తగ్గించి మూత పెట్టేయండి. గంటన్నర, రెండు గంటలు. మధ్యలో నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పొయ్యండి, చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. గరిటెతో అస్తమానం కలపొద్దు, గింజ పగిలి పప్పు అయిపోతుంది, మనకి కావాల్సింది పప్పు కాదు, గింజ గింజగానే ఉండాలి, కానీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే వెన్నలా నలిగిపోవాలి. నీళ్ళు దాదాపు ఇగిరాక ఉప్పు వేసి, ఇంకో పది నిమిషాలు మూతపెట్టి వదిలెయ్యండి.

వడ్డించేటప్పుడు ప్లేటులో వేసి మధ్యలో గుంట చేసి పచ్చి నువ్వుల నూనె ఒక పెద్ద స్పూను, పైన పంచదార ఒక స్పూను. కొంతమంది ఇందులోనే బియ్యం వేసి కలిపి ఉడికిస్తారు, కొంతమంది జొన్నలు గానీ మొక్కజొన్న గానీ వేస్తారు. అంబూలో ఇయో బున్ అని ఇంకో రకం ఉంది, బున్ అంటే కాఫీ గింజలు, వాటిని నూనెలో వేయించి ఆ నూనెతో సహా దీని మీద పోస్తారు. కాఫీ గింజ కరకరా నమలడం మనకి కొత్తే గానీ ఆ నూనె వాసన మాత్రం చెప్తే అర్థమయ్యేది కాదు.

బీన్స్‌లో పంచదారా?? వెయ్యకపోతే ఏమవుతుంది?

ఏమీ కాదు, మానెయ్యొచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి, మనం శనగపప్పులో బెల్లం వేసి పూర్ణం చేస్తాం, అలసందల్లో బెల్లం వేసుకుని తినే ఇళ్ళు ఉన్నాయి. గింజకి తీపి మనకేం కొత్త కాదు. మొదటి రోజు సగం ప్లేటు ఉప్పు కారంతో, సగం నూనె పంచదారతో తిని చూడండి. మా ఇంట్లో బెల్లం పొడి కూడా వేశాం, చాలా బాగుంది, కాకపోతే హబర్‌యర్ మాత్రం పంచదారే కరెక్ట్ అంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు నూనె, ఉప్పు వరకే ఆపేయొచ్చు.

ఏ నువ్వుల నూనె?

దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే వంటంతా పాడుచేసుకుంటున్నారు. అమెరికాలో చైనీస్ సెక్షన్‌లో దొరికే ముదురు గోధుమ రంగు నూనె వాడకండి, అది వేయించిన నువ్వులది, ఘాటు వాసన, నాలుగు చుక్కలకే అన్నీ మింగేస్తుంది. సోమాలీ నూనె వేయించని నువ్వులది, లేత పసుపు రంగు. మాసరో అంటారు, అంటే గానుగ. చెక్క రోలు మధ్యలో పెద్ద రోకలి, దాన్ని తిప్పేది ఒంటె. మన దగ్గర ఎద్దు తిరిగేది, అక్కడ ఒంటె తిరుగుతుంది, మిగతా అంతా ఒకటే. సోమాలియా బయటికి ఎగుమతి చేసే పంటల్లో నువ్వులు ముఖ్యమైనవి, షబెల్లె, జుబ్బా నదుల మధ్య ఊళ్ళల్లో బాగా పండుతాయి. కాబట్టి మీ ఊళ్ళో గానుగ నువ్వుల నూనె దొరికితే అదే సరైన నూనె, ఇంతకంటే దగ్గరిది ఎక్కడా దొరకదు. అమెరికాలో ఉంటే ఇండియన్ స్టోర్‌లో పప్పు నూనె తెచ్చుకోండి.

అడ్జుకీ బీన్స్ మా ఊళ్ళో దొరకట్లేదు, రాజ్మా వాడొచ్చా?

రాజ్మా కంటే ఎర్ర అలసందలు (మీ వైపు బొబ్బర్లు అంటారేమో) చాలా దగ్గరగా ఉంటాయి. సైజు అదే, తొక్క పల్చన, కమ్మగా ఉంటాయి. తొందరగా ఉడుకుతాయి కాబట్టి టైమ్ సగం తగ్గించండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి సోమాలీ షాపుల్లో గానీ, కొరియన్, జపనీస్ షాపుల్లో గానీ అడ్జుకీ ఈజీగా దొరుకుతుంది.

రాజ్మానే వాడతానంటే ఒక జాగ్రత్త. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, బాగా తెళ్ళితేనే పోతుంది. స్లో కుక్కర్‌లో సన్న వేడి మీద డైరెక్ట్‌గా వేసేస్తే పోదు సరికదా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళల్లో అరగంట బాగా తెళ్ళించి, ఆ తర్వాతే స్లో కుక్కర్. ప్రెషర్ కుక్కర్ అయితే ఈ భయం లేదు.

కుక్కర్‌లో పెట్టేయొచ్చా? అంత టైమ్ ఎవరికుంది?

పెట్టొచ్చు. నానిన గింజలకి నాలుగు విజిల్స్, ఆవిరి దానంతట అదే పోనివ్వాలి, తర్వాత మూత తీసి సన్న మంట మీద ఇంకో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఎగ్గొట్టొద్దు, ఆ టైమ్‌లోనే నీళ్ళు చిక్కబడి గింజకి పడతాయి, లేకపోతే ఉడికిన గింజలు వేరు, నీళ్ళు వేరు అన్నట్టుంటుంది.

ఎంతసేపు ఉడికించినా గింజ గట్టిగానే ఉంటోంది, ఏం చెయ్యాలి?

రెండు కారణాలు. ఒకటి పాత గింజలు, ఏడాది దాటి డబ్బాలో పడున్నవి ఓ పట్టాన ఉడకవు. రెండోది బోరు నీళ్ళు, అందులో ఉండే కాల్షియం వల్ల తొక్క మెత్తబడదు, ఫిల్టర్ నీళ్ళు వాడండి లేదా చిటికెడు వంట సోడా వెయ్యండి. ఉప్పు ముందు వేస్తే ఉడకదని అమ్మమ్మలు చెప్తారు గానీ నిజంగా అడ్డుపడేది పులుపు. టమాటా, చింతపండు, నిమ్మరసం ఏవైనా సరే గింజ పూర్తిగా ఉడికాకే. అంబూలోకి ఉప్పు చివర్లో వెయ్యమన్నది వేరే కారణానికి, నీళ్ళు ఇగిరిపోతాయి కదా, ముందే వేస్తే చివరికి ఉప్పుకషాయం అవుతుంది.

మరఖ్ అంటే సూపా, కూరా?

రెండింటి మధ్యలో. మేక మాంసం ఎముకతో ఉన్నది కిలో తీసుకోండి, నల్లీలు ఉంటే ఇంకా మంచిది. రెండున్నర లీటర్ల నీళ్ళల్లో వేసి పొంగు వచ్చాక నురగ మొత్తం తీసెయ్యండి, ఓపిగ్గా తియ్యాలి, రసం తేటగా ఉండేది దీనివల్లే. ఉల్లిపాయ నాలుగు చెక్కలు, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, హవాష్ రెండు చిన్న స్పూన్లు, ఉప్పు వేసి సన్న మంట మీద గంటన్నర. మాంసం సగానికి పైగా ఉడికాక బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ పెద్ద పెద్ద ముక్కలు, రెండు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు చీల్చకుండా అలాగే వెయ్యండి, వాసన దిగుతుంది, కారం దిగదు. దించే ముందు కొత్తిమీర, తినేటప్పుడు నిమ్మకాయ. తాలింపు లేదు, నూనె కూడా వెయ్యలేదు చూడండి.

వాళ్ళ ఇంట్లో ఇదే రసం రెండు పనులకి వస్తుంది. ముందు గిన్నెల్లో పోసి తాగడానికి ఇస్తారు, మిగిలిన రసంతో బియ్యం వండుతారు, దాన్ని బరీస్ ఇస్కుకరిస్ అంటారు. జనవరిలో బయట మైనస్ ఇరవైలో మంచు తవ్వి ఇంట్లోకి వచ్చిన రోజు ఈ మరఖ్ ఒక గిన్నె తాగితే ప్రాణం లేచొస్తుంది.

మరి సుఖార్?

అది త్వరగా అయిపోయే కూర. మాంసాన్ని అరంగుళం ముక్కలుగా కొయ్యాలి, అన్నీ ఒకే సైజు, అదే ముఖ్యం. ముందు దాని నీళ్ళల్లో దాన్ని ఉడకనిచ్చి, నీళ్ళు ఇగిరాక నూనె పోసి వేయించి, ఉల్లిపాయ, వెల్లుల్లి, హవాష్, క్యారెట్, బంగాళాదుంప, క్యాప్సికమ్. చికెన్ అయితే అరగంటలో అయిపోతుంది, మేక మాంసం లేతది కాకపోతే ముందే కొంచెం ఉడికించి పెట్టుకోండి.

మేం మాంసం తినం, మాకేమైనా ఉందా?

అంబూలో పూర్తిగా శాకాహారమే, నెయ్యి కూడా అక్కర్లేదు. పప్పు కూర (మిసిర్ అంటారు) చేస్తారు, బెండకాయ మరఖ్ మాంసం లేకుండా కూడా బాగుంటుంది, వాళ్ళు బెండకాయని బామియో అంటారు. సముద్రం ఒడ్డు ఊళ్ళవైపు కొబ్బరిపాలతో బీన్స్ చేస్తారు: ఉడికిన ఎర్ర గింజల్లో వేయించిన ఉల్లిపాయ, టమాటా, అర స్పూను హవాష్, చిక్కటి కొబ్బరిపాలు ఒక కప్పు, పది నిమిషాలు సన్న మంట. కోనసీమ వాళ్ళకి దీన్ని నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

ఇంకా బజియే ఉంది. పేరు వినగానే తెలిసిపోయింది కదా, మన బజ్జీ మాటే అరేబియా సముద్రం దాటి వెళ్ళింది. తినడానికి మాత్రం అచ్చం అలసంద వడ: నానబెట్టిన అలసందలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, కొత్తిమీర రుబ్బి నూనెలో వేయించడం. రాయలసీమలో పండక్కి చేసినట్టే, పక్కన బిస్బాస్.

ఫూల్ కూడా సోమాలీదేనా?

యెమెన్, ఈజిప్టు వైపు అందరిదీ. ఉత్తర సోమాలియా, జిబూటీల్లో టిఫిన్‌కి బాగా తింటారు, యెమెన్‌కీ వాళ్ళకీ మధ్యలో ఉన్నది ఏడెన్ సింధుశాఖే కదా. క్యాన్‌లో దొరికే ఫావా బీన్స్‌ని ఉల్లిపాయ, టమాటా, జీలకర్ర, పచ్చిమిర్చితో పది నిమిషాలు ఉడికించి సగం మెదిపి రొట్టెతో తినడమే. ఒక్కటి గుర్తుంచుకోండి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్ళు ఫావా బీన్స్ అసలు తినకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ వంటకం వదిలేసి అలసందలతో చేసుకోండి.

వీటిని దేంతో తినాలి? అన్నంతో బాగుంటుందా?

అన్నంతో బాగుంటుంది, అంజేరోతో ఇంకా బాగుంటుంది. రాత్రి పులియబెట్టిన పిండితో ఒకవైపే కాల్చే మెత్తటి దోశ అది, పైన గరిటెతో తిప్పిన చుట్లు, నిండా చిల్లులు, రసం పీల్చుకోవడానికే పుట్టినట్టుంటుంది. వాళ్ళ పెనాన్ని బిర్తావో అంటారు, బిర్ అంటే ఇనుము, తావో అంటే మన తవా. పొద్దున పిల్లలకి అంజేరో మీద నువ్వుల నూనె, పంచదార, టీ పోసి ముద్దలా చేసి పెడతారు. చెయ్యలేకపోతే సెట్ దోశ వాడండి, మినప్పప్పు మాత్రం తగ్గించండి.

ఇంకోటి సూర్. జొన్నపిండి గానీ మొక్కజొన్నపిండి గానీ నీళ్ళల్లో కెలికి ముద్ద చేస్తారు, మధ్యలో గుంట పెట్టి మరఖ్ పోస్తారు. సంగటి తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి!

అన్నంలో అరటిపండు తింటారంట, నిజమేనా?

నిజం. పక్కన తొక్క తీసిన పండు పెట్టుకుని ఒక ముద్ద అన్నం, మాంసం, ఒక కొరుకు పండు. మసాలా, నిమ్మకాయ, తీపి మూడూ నోట్లో కలుస్తాయి. పెరుగన్నంలో అరటిపండు కలుపుకునే మనకి ఆశ్చర్యం ఎందుకో నాకైతే అర్థం కాదు. బాగా పండింది కాకుండా కొంచెం గట్టిగా ఉన్నది తీసుకోండి.

స్పగెట్టి కూడా వాళ్ళ వంటే అంటున్నారు?

అవును, దక్షిణ సోమాలియా ఇటలీ చేతిలో ఉండేది, దేశానికి స్వతంత్రం వచ్చింది 1960లో. బాస్తో, సూగో అని పేర్లు కూడా అక్కడివే. కాకపోతే ఆ సాస్‌లో హవాష్ పడ్డాక అది ఇటలీది కాకుండా పోయింది. దీంతో కూడా అరటిపండే.

బిస్బాస్ ఎలా?

పచ్చిమిర్చి పది, కొత్తిమీర ఒక కట్ట, వెల్లుల్లి మూడు రెబ్బలు, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు, రెండు స్పూన్లు పెరుగు, మిక్సీలో తిప్పడమే. చింతపండుతో ఎర్రది కూడా చేస్తారు. వారం రోజులు ఫ్రిజ్‌లో ఆగుతుంది.

హైదరాబాద్‌లో ఈ వంటలు తినడానికి దొరుకుతాయా?

టోలీచౌకి, పారామౌంట్ కాలనీ వైపు వెళ్ళండి. చదువుకోడానికి, వైద్యానికి వచ్చిన సోమాలీ, సుడానీ, యెమెనీ వాళ్ళు చాలా ఏళ్ళుగా అక్కడ ఉంటున్నారు, వాళ్ళ తిండి దొరికే చోట్లూ ఉన్నాయి. వండే ముందు ఒకసారి తిని రుచి గుర్తుపెట్టుకుంటే చాలా హెల్ప్ అవుతుంది. సామాన్లకి వెతకక్కర్లేదు, హవాష్‌లో వేసేవన్నీ మీ పోపుల డబ్బాలోనే ఉన్నాయి.

మిగిలిపోతే?

మరఖ్ రెండో రోజే బాగుంటుంది, బంగాళాదుంప ముక్కలు తీసేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు ఉంటుంది. అంబూలో నూనె, పంచదార వెయ్యకముందే తీసిపెట్టుకోవాలి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. వేడి చేసేటప్పుడు పావు గ్లాసు వేడినీళ్ళు చల్లి మూతపెట్టి సన్న మంట మీద పెట్టండి, మైక్రోవేవ్‌లో గింజ ఎండిపోతుంది. నూనె మాత్రం ప్లేట్‌లో వేసుకున్నాకే, పచ్చిదే.